వాచీ లెక్కపెట్టేది ఏది, అంచనా కట్టేది ఏది

పరుగు ముగిశాక స్మార్ట్ వాచీ చూపే అంకెలన్నీ ఒకే తెర మీద, ఒకే తీరులో కనిపిస్తాయి గనుక అన్నిటినీ ఒకేలా నమ్ముతాం. నిజానికి వాటిలో కొన్ని వాచీ తానుగా లెక్కపెట్టినవి, మరికొన్ని పాదం దగ్గర జరిగిన దాన్ని మణికట్టు దగ్గర నుంచి అంచనా కట్టినవి. ఈ తేడా గమనించకుండా పరుగు తీరునే మార్చుకుంటున్నవారు ఇక్కడ బెంగళూరులో నాకు తరచుగా ఎదురవుతున్నారు.

అడుగుల లెక్క మొదటి రకానికి చెందినది. చెయ్యి ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగేలోపు రెండు అడుగులు పడతాయి గనుక, వాచీలో కదలికను పసిగట్టే యాక్సెలరోమీటర్ ఆ ఊపును పట్టుకుని నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నామో చాలావరకు సరిగానే చెబుతుంది. ట్రెడ్‌మిల్ కడ్డీ పట్టుకున్నప్పుడో, పిల్లల బండి తోస్తూ పరుగెత్తినప్పుడో మాత్రం ఆ లెక్క తప్పుతుంది.

దూరం విషయం కొంత చిక్కైనది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి వాచీ తానున్న చోటును నిర్ణయిస్తుంది; ఆకాశం బాగా కనిపించే చోట కూడా కొన్ని మీటర్ల తేడా సహజం. తిన్నని దారిలో ఆ తేడాలు గీతను వంకరటింకర చేసి దూరాన్ని పెంచుతాయి, మలుపుల్లో అడ్డంగా కోసి తగ్గిస్తాయి. ఎంజీ రోడ్డులో మెట్రో వంతెన కింద పరుగెత్తి మ్యాపు తెరిస్తే, గీత రోడ్డు వదిలి దుకాణాల మీదుగా పోయి ఉంటుంది. నేరుగా వచ్చే సంకేతాలను పైన కాంక్రీటు అడ్డుకోగా, పక్క భవనాలకు తగిలి ఆలస్యంగా వచ్చినవి వాచీని తప్పుదారి పట్టిస్తాయి. జీపీఎస్ సంకేతాలు వచ్చే పౌనఃపున్యాల్లో ఎల్1తో పాటు ఎల్5ను కూడా అందుకునే వాచీలలో ఈ దోషం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. శ్రీ కంఠీరవ స్టేడియం వంటి ట్రాకు మీద సరిచూసుకునేవారు ఏ వరుసలో పరుగెత్తారో కూడా గుర్తుంచుకోవాలి: మొదటి వరుస 400 మీటర్లయితే ఎనిమిదోది దాదాపు 453 మీటర్లు.

అసలు చిక్కు పాదం నేలను తాకి ఉండే సమయంతో. ప్రయోగశాలలో దీనిని నేలలో అమర్చిన ఫోర్స్ ప్లేట్‌తో, అంటే మీద పడే బలాన్ని నమోదు చేసే పలకతో, కొలుస్తారు. వాచీకి చేరేది మాత్రం చీలమండ, మోకాలు, నడుము, భుజం, మోచేయి దాటుకుంటూ చేయి ఊపులో కలిసిపోయిన అదురు. దాని నుంచి పాదం ఎప్పుడు ఆనిందో, ఎప్పుడు లేచిందో ఒక అల్గారిథం ఊహిస్తుంది. ఛాతీ పట్టీ, బూటుకు తగిలించే ఫుట్ పాడ్ అనే చిన్న సెన్సరు కదలికకు దగ్గరగా ఉంటాయి గనుక ఈ విషయంలో వాటికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మా ఆఫీసులో కర్నూలు కుర్రాడొకడు "అన్నా, నా కాలు నేల మీద 280 మిల్లీసెకన్లు ఉంటోందంట, ఎట్ల తగ్గించేది?" అని అడిగాడు. అప్పటికే ఆ అంకె కోసం మునివేళ్ల మీద పరుగెత్తి పిక్కలు పట్టేయించుకున్నాడు. నిదానంగా పరుగెత్తేటప్పుడు ఆ సమయం ఎక్కువగా ఉండటం మామూలేననీ, వేగం పెరిగితే అదే తగ్గుతుందనీ చెప్పి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పక్కనుంచి వీడియో తీశాను. ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. బూటు నేలను తాకిన ఫ్రేము నుంచి వదిలిన ఫ్రేము దాకా లెక్కపెడితే 60 వచ్చాయి, అంటే 250 మిల్లీసెకన్లు. ఒక్క వీడియోతో వాచీని తీసిపారేయలేం గాని, తేడా ముప్పై మిల్లీసెకన్లున్నప్పుడు ఆ అంకెను చూసి పాదం పడే తీరు మార్చుకోవడం నాకు సబబనిపించలేదు. ఆ అంకెను చూపే పేజీని వాచీ తెర మీద నుంచి తీసేసి, పిక్కల నొప్పి తగ్గేదాకా తన మామూలు పద్ధతిలోనే పరుగెత్తమన్నాను.