వల కన్నంలో నిలబడి

విశాఖపట్నంలో మన బడి బాస్కెట్‌బాల్ కోర్టు మీదికి మధ్యాహ్నం దాటితే చాలు, సముద్రం గాలి వచ్చేసేది. బీచ్ రోడ్డు వైపున్న రింగ్‌కి దూరం నుంచి వేసిన బంతి జానెడు పక్కకి పోయేది. 1996లో, నేను పదో తరగతిలో ఉండగా, ఆ కోర్టు మీదే ఊళ్ళోని ఇంకో బడి జట్టు చేతిలో ఓడిపోయాం. వాళ్ళు మాకంటే పొడుగూ కాదు, జోరూ కాదు. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు చేతులు బారజాపి నిలబడ్డారు, అంతే. మాకు లోపలికి దారి దొరకలేదు. బయటే బంతిని అటూ ఇటూ తిప్పి, ఓపిక నశించి, 6.25 మీటర్ల మూడు పాయింట్ల గీత అవతలి నుంచి విసిరేశాం.

అప్పట్లో మాకు ఆటంటే టీవీలో మైకేల్ జోర్డాన్. ఎదుటివాణ్ణి దాటుకుపోవడమే విద్య అనుకునేవాళ్ళం. వాళ్ళు మా మీద వాడింది జోన్ డిఫెన్స్, అంటే ఒక్కో మనిషిని కాకుండా ఎవడి చోటు వాడు కాసే పద్ధతి. జోర్డాన్ ఆడే అమెరికా లీగ్ ఎన్‌బీఏలో 2001 దాకా దానికి అనుమతే లేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మేం కళ్ళార్పకుండా చూసిన ఆ ఆటలో మా చిక్కుకి జవాబు ఎలా దొరుకుతుంది?

మర్నాడు పీఈటీ మాస్టారు ఫిషింగ్ హార్బర్ నుంచి నైలాన్ తాడు తెచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లలు ఐదుగురిని ముందు ఇద్దరు, వెనక ముగ్గురుగా నిలబెట్టి, తాడుని చుట్టూ తిప్పి అందరి చేతికీ ఇచ్చారు. మమ్మల్ని బయట నిలబడి మెల్లగా పాసులు ఇచ్చుకోమన్నారు. బంతి కుడికి పోతే ఐదుగురూ కుడికి జరిగారు, ఎడమకి వస్తే ఎడమకి. తాడు ఎక్కడా బిగియలేదు, ఎక్కడా వేలాడలేదు. ఓడిపోయిన మ్యాచ్‌లో మేం చేసింది సరిగ్గా అదేనని అప్పుడు కళ్ళకి కట్టింది.

తర్వాత మాస్టారు బంతి తీసుకుని, కుడి పక్క నుంచి పిల్లల తలల మీదుగా ఎడమ పక్క వాడికి ఒక్కసారిగా విసిరారు. ఎడమ మూలనున్న కుర్రాడు పరుగెత్తాడు. తాడు వాడి అరచేతిలో సర్రున జారింది, నడిమి వాడు తూలాడు. రింగ్‌కి ఎదురుగా ఉండే ఫ్రీ త్రో లైన్ దగ్గర ఇంత జాగా తెరుచుకుంది.

"ఏట్రా చూస్తన్నారు? వలకి బలం ముడి దగ్గరుంటాది. మీరెళ్ళి ముడిని గుద్దుకుంటన్నారు. కన్నంలో నిలబడండ్రా!"

ఆ వారం మా ప్రాక్టీసంతా కన్నాల చుట్టూనే. ముందు ఇద్దరు కాపలా ఉంటే మావాడొకడు వాళ్ళకి ఎదురుగా కాదు, వాళ్ళిద్దరి మధ్య సందుకి నిలబడాలి. వాణ్ణి ఎవరు పట్టుకోవాలో వాళ్ళకి తేలదు. పక్కల ఇద్దరు ముందు వరసకీ వెనక వరసకీ మధ్య ఉండాలి. ఒకడు రింగ్ వెనకుండే బేస్‌లైన్ దగ్గర, వెనక ముగ్గురి వీపు వెనకాల. నాది ఫ్రీ త్రో లైన్, నలుగురి నడుమ. బంతి చేతికొస్తే రెండు లెక్కపెట్టేలోగా వదిలెయ్యాలి. మాస్టారు పైకే లెక్కపెట్టేవారు. పాస్ ఇస్తున్నట్టు చేతులాడిస్తే చాలు, జోన్ మొత్తం అటు ఒరుగుతుంది, ఎందుకంటే వాళ్ళు కాసేది మనిషిని కాదు, బంతిని. డ్రిబ్లింగ్ వద్దనలేదు. సందులోకి ఒక్క అడుగు, ఇద్దరు మీదికి రాగానే పాస్. రీబౌండ్, అంటే పడకుండా తిరిగొచ్చే బంతి సంగతీ అప్పుడే చెప్పారు: జోన్‌లో ఎవడి చోటు వాడు కాస్తాడు గనక, షాట్ వేసేటప్పుడు ఎవణ్ణి అడ్డుకోవాలో వాడికి తెలీదు, దూరపు పక్క నుంచి దూరండి అని.

నాకు ఇప్పటికీ ఇష్టమైంది మాత్రం ఆ నడిమి జాగాయే. అక్కడ బంతి అందుకుని రింగ్ వైపు తిరిగితే వెనక వరస మధ్యలో ఉన్నవాడికి రెండే దారులు. పైకొస్తే వాడి వెనక ఖాళీ, రాకపోతే నాకు షాట్. నేను వాడి పాదాలు మాత్రమే చూసేవాణ్ణి.

తిరుగు మ్యాచ్ వాళ్ళ కోర్టులో. మొదటి బంతి నా చేతికి రాగానే వాళ్ళ వెనక వరస నడిమివాడి ఎడమ మడమ లేచింది. గాజువాక నుంచి వచ్చే మావాడు బేస్‌లైన్ దగ్గర ఉన్నాడు. నేల మీద ఒక తట్టు తట్టి వాడికందించాను, బోర్డుకి తగిలించి వేసేశాడు. ఇంకోసారి ఆ నడిమివాడు పైకి రాలేదు, నేనే వేశాను. మూడోసారి ముందున్న ఇద్దరూ నా మీదికి దిగిపోయారు, బంతి బయటున్న మావాడికి తిప్పేశాను. సెకండ్ హాఫ్ సగంలో వాళ్ళ కోచ్ "జోన్ వదిలెయ్యండ్రా, మ్యాన్ టు మ్యాన్!" అని కేకేశారు. గెలుపు కంటే ఆ కేకే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

ఆ సాయంత్రం మాస్టారు మమ్మల్నందర్నీ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళారు. మురీ మిక్చర్ పొట్లాలు ముందు మాకు ఇవ్వలేదు. తాడు పట్టుకున్న ఐదుగురు పిల్లల్ని దగ్గరికి పిలిచి వాళ్ళకిచ్చాకే మాకిచ్చారు. ఆడింది మేం, వారం రోజులు చేతులు ఒరుసుకుపోయేలా నిలబడింది వాళ్ళు. ఆ ఐదుగురిలో ఎవరైనా ఇది చదివితే ఈసారి మన బడి పాత విద్యార్థుల కలయికకి తప్పకుండా రండి తమ్ముళ్ళూ. మీ అరచేతుల మీది ఎర్రటి చారలు నాకింకా గుర్తున్నాయి.