పాప రాత్రి లేస్తుంది, లేవనివ్వండి

రాత్రంతా ఒక్కసారి కూడా మెలకువ రాకుండా పడుకునే పసిపిల్లలు ఉండరు. ఈ మాట ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే మా టెన్షన్ సగం తగ్గేది. పిల్లల దాకా ఎందుకు, మనకీ రాత్రి చాలాసార్లు కొద్దిగా మెలకువ వస్తుంది, పక్కకి ఒత్తిగిలి దుప్పటి లాక్కుని మళ్లీ పడుకుంటాం, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు. నిద్ర తేలిక నుంచి గాఢానికి వెళ్లి మళ్లీ తేలికయ్యే ఒక విడతని నిద్ర చక్రం అంటారు, ఆ మెలకువలు ఎక్కువగా దాని చివర్లోనే వస్తాయి. పెద్దవాళ్లకి ఒక నిద్ర చక్రం సుమారు 90 నిమిషాలైతే పసిపిల్లలకి 50 నిమిషాలే, కాబట్టి వాళ్లకి ఆ మెలకువలు ఇంకా ఎక్కువ. అందుకే పాప లేవకుండా ఏం చేయాలి అనే ఆలోచన పక్కన పెట్టేసి, లేచినా తనంతట తాను మళ్లీ పడుకోవాలంటే ఏం చేయాలి అని చూడటం మొదలుపెట్టాం. దారి దొరికింది అప్పుడే.

ముందు వయసు సంగతి. మొదటి రెండు మూడు నెలలు ఏదీ నేర్పాలని చూడకండి. వాళ్లకి పగలు, రాత్రి తేడా ఇంకా తెలియదు, పొట్ట చిన్నది, రెండు మూడు గంటలకోసారి పాలు కావాల్సిందే. ఆ వయసులో మన చేతిలో ఉన్నది ఒక్కటే: పగలు కిటికీలు తీసి, మాటల మధ్యే పడుకోబెట్టడం, రాత్రి పాలకి లేచినప్పుడు మాత్రం చిన్న లైటు వేసుకుని, ముద్దు మాటలు లేకుండా పాలు పట్టి పడుకోబెట్టేయడం. నాలుగో నెల దగ్గర ఇంకో చిక్కు. అప్పటిదాకా చక్కగా పడుకున్న పిల్లలు కూడా ఉన్నట్టుండి గంటగంటకీ లేవడం మొదలుపెడతారు. ఆ సమయంలో నిద్ర తీరే మారి పెద్దవాళ్ల నిద్రకి దగ్గరవుతుంది, అందుకే అలా జరుగుతుంది. మీరు చేసిందేమీ లేదు.

పక్కింటి పాపతో పోలికలు కూడా మానేయండి. 2018లో కెనడా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఆరు నెలల పిల్లల్లో దాదాపు 38 శాతం మంది ఏకధాటిగా ఆరు గంటలు పడుకోవడం లేదు, ఏడాది నిండిన పిల్లల్లోనూ 28 శాతం మంది అంతే. వాళ్ల ఎదుగుదలకీ, దీనికీ సంబంధం ఏమీ కనిపించలేదు. ఈ అంకెలు చదివిన రోజు నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

ఇప్పుడు అసలు పని. మాకు అన్నిటికన్నా పనికొచ్చింది కాసేపు ఆగి చూడటం. పసిపిల్లల నిద్రలో దాదాపు సగం కదిలే నిద్రే. ఒక రాత్రి పక్కనే కూర్చుని జాగ్రత్తగా చూడండి. రెప్పల కింద కళ్లు కదులుతుంటాయి, పెదాలు పాలు తాగుతున్నట్టు ఆడతాయి, మోకాళ్లు పొట్టకి లాక్కుంటారు, మొహం ఎర్రబడుతుంది, ఒక మూలుగు, ఒక చిన్న ఏడుపు, ఒక్కోసారి కళ్లు కూడా తెరుస్తారు. చూసేవాళ్లకి లేచిపోయినట్టే ఉంటుంది, కానీ లేవలేదు! అప్పుడు గబుక్కున ఎత్తుకుంటే మనమే లేపినట్టు. ఒకటి రెండు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంటే చాలాసార్లు పెద్ద ఊపిరి ఒకటి వదిలి, పిడికిళ్లు వదులు చేసి, మళ్లీ పడుకుంటారు. నిజంగా ఆకలేస్తే ఆ ఏడుపు తగ్గదు, పెరుగుతుంది, వెంటనే తెలిసిపోతుంది.

రెండోది, రాత్రి మొదటిసారి పడుకునే తీరు. పాలు తాగుతూనో భుజం మీదో నిద్రపోయిన పాప అర్ధరాత్రి మెలకువ రాగానే అదే పాలు, అదే భుజం కోసం వెతుక్కుంటుంది, ఎందుకంటే నిద్రలోకి వెళ్లడానికి తనకి తెలిసిన దారి అదొక్కటే. అందుకని నాలుగైదు నెలలు దాటాక పాలు కాస్త ముందుకి జరిపాం. స్నానం, పాలు, డైపర్ మార్చడం, ఒక పాట, తర్వాత పడక, రోజూ ఇదే వరస, ఇంచుమించు ఇదే వేళకి. కళ్లు మూతలు పడుతుండగా, పూర్తిగా నిద్రపోకముందే పడుకోబెట్టాలి. ముందు కాళ్లు, తర్వాత నడుము, చివరికి తల ఆనేలా మెల్లగా దించి, ఛాతీ మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచితే ఉలిక్కిపడటం తగ్గుతుంది. మొదటి రాత్రులు కుదరదు, ఏడుస్తారు, మళ్లీ ఎత్తుకోవాల్సి వస్తుంది. ఫర్వాలేదు, ఎత్తుకోండి, శాంతించాక మళ్లీ దించండి.

ఏడవనివ్వాలా వద్దా అన్నది ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. కొందరు గదిలోంచి బయటికొచ్చి కొన్ని నిమిషాలకోసారి వెళ్లి పలకరించి వస్తారు, దాంతో పిల్లలు త్వరగా నేర్చుకుంటారు కూడా, వాళ్లని కఠినాత్ములు అనడం అన్యాయం. నాకు మనసొప్పలేదు, పక్కనే కూర్చుని జోకొట్టి, రోజురోజుకీ ఆ జోకొట్టడం తగ్గించుకుంటూ వచ్చాను. ఏ పద్ధతైనా ఇంట్లో ఇద్దరూ ఒకేలా చేయాలి.

పగలు పడుకోనివ్వకపోతే రాత్రి బాగా పడుకుంటారన్నది నమ్మకండి, అలిసిపోయిన పిల్లలు ఇంకా మొండికేస్తారు. పాలలో ఉగ్గు కలిపి సీసాతో పట్టడం, నిద్ర కోసం ఏదో సిరప్ వేయడం అస్సలు వద్దు. వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి, దిండ్లు, బొమ్మలు, దుప్పట్లు దగ్గర ఉండకూడదు, మన గదిలోనే అయినా తన పడక తనకి వేరుగా ఉండాలి. ఇందులో రాజీ లేదు. రాత్రి పాలు ఎప్పుడు మానిపించాలన్నది బరువు చూసి డాక్టర్ చెప్పాలి, ఆరు నెలలు దాటినా కొందరికి ఒకసారి కావాలి. మూడు నెలల లోపు పిల్లలకి 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా చూపించాలి.

జలుబు చేసినప్పుడు ఇదంతా చెదిరిపోతుంది. మేమూ అన్నీ పక్కన పెట్టి ఎత్తుకునే తిరిగాం, తగ్గాక మళ్లీ మొదలుపెడితే ఈసారి త్వరగానే కుదిరింది.

ఇంకో విషయం, రాత్రిని ఇద్దరూ పంచుకోండి. అర్ధరాత్రి రెండింటి దాకా ఒకరు, ఆ తర్వాత ఒకరు, రెండోవాళ్లు వీలైతే వేరే గదిలో పడుకోవాలి. తల్లిపాలు తాగే పాపైనా సరే, డైపర్ మార్చడం, భుజాన వేసుకుని తిప్పడం నాన్న చేయొచ్చు. పాప హాయిగా పడుకున్నాక కూడా తల్లికి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, అది అలసటే కదా అని వదిలేయకుండా ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి, దానికి వైద్యం ఉంది.