బాగున్న రోజే సాక్ష్యమైతే

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని డాక్టర్లు రాసే కీళ్లవాతం రోజూ ఒకే తీరున ఉండదు. నిన్న మెట్లెక్కి రెండో అంతస్తుకు వెళ్లిన మనిషి ఈరోజు నీళ్ల సీసా మూత తిప్పలేకపోవచ్చు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేసే ఈ జబ్బులో, పొద్దున లేచాక వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోయి ఉంటాయి. ఎండ ముదిరేసరికి అవే వేళ్లు కీబోర్డు మీద మామూలుగా ఆడుతాయి. ఆఫీసులో నన్ను వేధించినవారికి కావలసిన ఆధారమంతా ఈ హెచ్చుతగ్గుల్లోనే దొరికింది.

"నిన్న బాగానే ఉన్నారు కదా మేడమ్?" అన్న మాట మొదట్లో పరామర్శే. కొన్నాళ్లకు అది అకౌంట్స్ సెక్షన్ మొత్తం వినేలా, నవ్వుతూ అడిగే ప్రశ్న అయింది. అందరూ ఏదో ఒక రోజు ఆలస్యంగా వస్తున్నా, మా మేనేజరు వాట్సాప్ గ్రూపులో పెట్టేది నా హాజరు వివరాలు మాత్రమే. సెలవు తీసుకున్న వారంలోనే బంధువుల పెళ్లిలో పట్టుచీర కట్టుకొని దిగిన ఫోటో చేతులు మారింది. తన అత్తగారు డెబ్బై ఏళ్ల వయసులో మోకాళ్ల నొప్పులతోనే ఇంటెడు చాకిరీ చేస్తున్నారని ఒకావిడ నాకు పాఠం చెప్పారు. వయసుతో కీళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు అని చెబితే, జబ్బుకు కూడా హోదా కావాలా అన్నారు.

ఈ జబ్బుకు వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రను నేను శనివారం రాత్రికి పెట్టుకున్నాను; మర్నాడంతా ఉండే వికారమూ నీరసమూ ఆదివారంతో పోవాలని. ఆ సంగతి తెలిసీ, నెలాఖరు లెక్కల పేరుతో ఆదివారాలు రమ్మనడం మొదలుపెట్టారు.

"పట్టించుకోకు" అని ఇంట్లోవాళ్లు చెప్పిన సలహా నాకు పనికిరాలేదు. పట్టించుకోకపోతే వేధింపు ఆగదు, దాని లెక్క మాత్రం మిగలకుండా పోతుంది. అయితే నొప్పిని వివరించడం మానేశాను, ఎందుకంటే ప్రతి వివరణా మరుసటి వారం వేళాకోళానికి సరుకయ్యేది. నా డాక్టరు గారిని అడిగి, నొప్పి ఎంతుందో కాకుండా నాకు ఏ పని ఏ వేళలో కష్టమో, పని వేళ ఒక గంట జరిపితే ఎలా వీలవుతుందో రాసిన ఉత్తరం తీసుకొని హెచ్‌ఆర్‌కు ఈమెయిలు పంపాను. నోటిమాటగా చెప్పిన ప్రతి ఆదేశానికీ ఆ రోజే "ఇందాక మీరు చెప్పిన ప్రకారం" అంటూ జవాబు రాయసాగాను. తేదీ, అన్న మాట, అక్కడున్నవారి పేర్లు ఆఫీసు కంప్యూటర్లో కాకుండా ఇంట్లోని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

చట్టం విషయంలో పెద్ద ఆశలు వద్దు. 2013 నాటి చట్టం పనిచోట లైంగిక వేధింపులకే పరిమితం. ఇలాంటి హేళనకు మనకు ప్రత్యేక చట్టం లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది కానీ, ఆ జాబితాలో కీళ్లవాతం పేరు లేదు. కీళ్లు దెబ్బతిని కదలిక తగ్గితే చలన వైకల్యం కింద ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అదే చట్టంలోని 21వ సెక్షను ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి, ప్రైవేటు సంస్థలకూ ఇది వర్తిస్తుంది. మా సంస్థ విధానం నకలు ఒకటి ఇవ్వమని మర్యాదగా, రాతపూర్వకంగా అడిగాను. నకలు రాలేదు గానీ, గ్రూపులో నా హాజరు పెట్టడం ఆ వారమే ఆగింది.

ఇప్పుడు ఒక గంట ఆలస్యంగా వచ్చి ఒక గంట ఆలస్యంగా వెళుతున్నాను. ఆదివారం పిలుపులు తగ్గాయి, ఎత్తిపొడుపులు పూర్తిగా పోలేదు. వార్షిక సమీక్షలో నాకు తగ్గించిన రేటింగు మీద పెట్టిన అభ్యంతరానికి జవాబు రావలసి ఉంది. ఈ నెలాఖరులోగా రాకపోతే పై అధికారికి రాస్తాను.