22.36 మీటర్లు: మందస కొండని కొలిచిన నా అనుభవం

మా కొండ మీది చెట్లలో ఎంత కర్బనం ఉందో కొలిచిన లెక్కలు మొన్న మంగళవారం ఆమోదమయ్యాయి. మూడోసారికి. మొదటి రెండుసార్లు కట్ట కట్టినట్టే తిరిగొచ్చాయి, ఎందుకో తెలుగులో ఎవరూ చెప్పలేదు. అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నాను. మీ గ్రామసభ కూడా ఈ పనికి దిగితే మేం పోగొట్టుకున్న నాలుగు నెలలు మీకు మిగలాలి.

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో మా సవర ఆదివాసీ గూడేనికి 2006 అటవీ హక్కుల చట్టం కింద, ఫారం-సి పెట్టుకుంటే, సామూహిక అటవీ వనరు హక్కుపత్రం వచ్చింది. పత్రం వచ్చాక అడవిని కాపాడే కమిటీ వేసుకోవాలి, అడవిని ఎలా చూసుకుంటామో ప్రణాళిక రాసుకోవాలి. అందులో కర్బన నిల్వ లెక్క కూడా ఉండాలని మేమే పట్టుబట్టాం. కొండ మీద ఏముందో అంకెల్లో మన దగ్గర ఉంటే, రేపు ఎవడైనా వచ్చి 'ఇది బోడి కొండ' అనలేడు.

గ్రామసభ ఒక్క పూటలో అయింది. సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. మాకు ఆడవాళ్లే ఎక్కువ వచ్చారు. హద్దు నడక మూడు రోజులు. చెట్ల గొడుగు దట్టంగా ఉన్నచోట ఫోన్ జీపీఎస్ ఐదు పది మీటర్లు తప్పుతుంది, హద్దురాయి దగ్గర రెండు నిమిషాలు నిలబడి నొక్కండి. అడవిని మూడు ముక్కలుగా విడదీశాం: గెడ్డ (వాగు) పక్క పెద్ద చెట్లు, మోడుల నుంచి లేచిన చిగుళ్ల అడవి, పాత పోడు. చెట్ల పేర్లకి ఏ నిపుణుడూ అక్కర్లేకపోయింది. మాఘంలో ఆకు రాలిపోయి ఉన్నా, బెరడు మీద కత్తి మొన తగిలించి ఇది నల్లమద్ది, ఇది చిరుమాను, ఇది ఏగిస అని మా ఆడవాళ్లు చెప్పేశారు. తర్వాత సరిచూడటానికొచ్చిన చదువుకున్నాయన రెండు చెట్లు తప్పు చెప్పాడు, వీళ్లు ఒక్కటీ చెప్పలేదు.

అసలు కష్టం ప్లాటు వేయడంలో వచ్చింది.

అడవంతా కొలవలేం కదా, అక్కడక్కడ 0.1 హెక్టారు ప్లాట్లు వేసి, వాటిలో 30 సెంటీమీటర్ల చుట్టుకొలత దాటిన ప్రతి చెట్టునీ కొలుస్తాం. చదరపు ప్లాటు భుజం 31.62 మీటర్లు. భుజాలు కొలుచుకుంటూ పోతే మూలలు కలవవు. అందుకని మధ్యలో మేకు దిగ్గొట్టి, దిక్సూచితో 45, 135, 225, 315 డిగ్రీల వైపు 22.36 మీటర్ల చొప్పున వెళ్లి నాలుగు మూలలు పెట్టాలి. మాకిచ్చిన ఫారంలో అంతే ఉంది: '22.36 మీ.' మేం టేపు నేల మీద పరిచి 22.36 కొలిచి కర్ర పాతాం. 36 ప్లాట్లు, పదకొండు రోజులు. అన్నీ తిప్పి పంపారు. సమావేశంలో పదిమంది ముందు ఒక అధికారి 'వీళ్లకి టేపు పట్టుకోవడమే రాదు' అన్నాడు. పక్కన కూర్చున్న కమిటీ పెద్దాయన తల దించుకున్నాడు. ఆ మాట నేను మరిచిపోను.

తప్పేమిటో చెప్పింది హరిపురంలో రేకులిల్లు కడుతున్న మేస్త్రి. 'రేకు పొడుగు కొలిసి గది ఎడల్పు అంతే అంటావేటి బావూ? వాలు పెరిగితే రేకు ఎక్కువ కావాల, గది అదే గది' అన్నాడు. అదే సంగతి. పటంలో హెక్టారు అంటే పైనుంచి చూసిన హెక్టారు, చదునుగా. కొండవాలు మీద పరిచిన టేపు రేకు లాంటిది. 30 డిగ్రీల వాలులో నేల మీద 0.1 హెక్టారు వేస్తే పటంలో అది 0.0866 హెక్టారే. హెక్టారుకి ఎంతో తేల్చడానికి మనం కొలిచిన చెట్ల కర్బనాన్ని 0.1తో భాగిస్తే, ఉన్న కర్బనంలో 13 శాతానికి పైగా మాయమవుతుంది. మన కొండని మనమే తక్కువ చేసుకున్నట్టు.

రెండోసారి జాగ్రత్తగా వాలు కొలిచి, 22.36ని ఆ కోణం కొసైన్‌తో భాగించాం. 30 డిగ్రీలకి 25.82 మీటర్లు. ఆ దూరమే నాలుగు మూలలకీ వాడాం. మళ్లీ వెనక్కి! ఈసారి ఫైలు మీద 'విస్తీర్ణం సరిపోలేదు' అని ఒక్క ముక్క. రెండు రాత్రులు కాగితం మీద గీసుకుంటే గానీ తెలియలేదు. 30 డిగ్రీలు కొండ నిట్టనిలువుగా దిగే వైపు వాలు. మూల వైపు వెళ్లే గీత దానికి 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటే, ఆ గీత వెంట వాలు 22.2 డిగ్రీలే. అక్కడ కావలసింది 24.15 మీటర్లు. నాలుగు వైపులా 25.82 వాడేసరికి ప్లాటు 0.114 హెక్టారు అయింది. మొదటిసారి 13 శాతానికి పైగా తక్కువ, రెండోసారి 14 శాతం ఎక్కువ. 'ఏ గీత వెంట వెళ్తున్నారో ఆ గీత వాలే కొలవండి' అన్న ఒక్క వాక్యం ఫారంలో ఉంటే మా ఇరవై రెండు పనిరోజులు మిగిలేవి. ఫారం రాసిన వాళ్లు కచ్చితంగా కొండ ఎక్కి ఉండరు.

వాలు కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పిల్లల కోణమానికి మధ్యలో దారం కట్టి గులకరాయి వేలాడదీయండి. కంటి ఎత్తున్న కర్రని మూల దగ్గర నిలబెట్టి, కోణమాని తిన్నని అంచు మీంచి కర్ర కొసని చూడండి. దారం 90కి బదులు 68 మీద ఆగితే వాలు 22 డిగ్రీలు. లెక్క వద్దనుకుంటే టేపుని గాలిలో సమంగా పట్టి, మేస్త్రీల తూకం గుండుతో మెట్లు మెట్లుగా దించండి. అయితే మెట్టు 2 మీటర్లు దాటనీయకండి. 30 డిగ్రీల వాలులో 5 మీటర్ల మెట్టంటే కింద మనిషి టేపుని దాదాపు 2.9 మీటర్ల ఎత్తున పట్టాలి. కుదరదు.

చెట్టు కొలతలో తప్పులు చిన్నవే, నష్టం పెద్దది. 1.37 మీటర్ల ఎత్తులో, వాలులో అయితే చెట్టుకి ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఆ ఎత్తుకి కిందే చీలితే రెండు చెట్లు, పైన చీలితే ఒకటి. అన్నిటికన్నా ప్రమాదం చుట్టుకొలతని వ్యాసం గడిలో రాయడం. 94 సెంటీమీటర్ల చుట్టుకొలత అంటే వ్యాసం 30. 12 మీటర్ల చిరుమానుకి కలప సాంద్రత 0.8 అనుకుంటే చెట్టు బరువు అంచనా వేసే షావ్ (Chave) సూత్రం ప్రకారం (సాంద్రత × వ్యాసం వర్గం × ఎత్తు, ఆ గుణకారానికి 0.976 ఘాతం వేసి, ఆ తర్వాత 0.0673తో గుణించాలి) నేలపైన బరువు సుమారు 470 కిలోలు. వేళ్లకి 28 శాతం కలిపితే 600. అందులో 0.47 వంతు కర్బనం, 280 కిలోలు. 44/12తో గుణిస్తే బొగ్గుపులుసు వాయువు 1,030 కిలోలు. వ్యాసం గడిలో 94 పడిందా, అదే చెట్టు నేలపైన బరువు 4,300 కిలోలు దాటిపోతుంది. మా రెండు ప్లాట్లలో ఇలా జరిగింది, పంపకముందే పట్టుకున్నాం.

ఎన్ని ప్లాట్లు వేయాలన్నది ముందే ఖాయం చేసుకోకండి. పది వేసి చూడండి. ప్లాటుకీ ప్లాటుకీ తేడా సగటులో 50 శాతం ఉంటే, 20 శాతం తప్పుకి 25 ప్లాట్లు చాలు, 10 శాతానికి వంద కావాలి. తప్పు సగానికి దించాలంటే శ్రమ నాలుగింతలు.

ఇక ప్రణాళికలో రాసుకున్నవి. ఒక సలహాదారు వచ్చి పాత పోడు చదును చేసి నీలగిరి వేస్తే కర్బనం త్వరగా పెరుగుతుందన్నాడు. యంత్రంతో మోడులు పెకలించి గోతులు తవ్వితే మట్టిలో దాగిన కర్బనం గాలిలో కలుస్తుంది, ఆ సంగతి ఆయన లెక్కలో లేదు. పోడు చేసిన వాళ్లని అడవి దొంగలంటారు గానీ, మోడు వేరు బతికేలా నరికింది ఆ పోడు వాళ్లే. ఇవాళ చిగుళ్లు లేస్తున్నది ఆ వేళ్ల నుంచే. మేం మోడుకి రెండు బలమైన చిగుళ్లు వదిలి మిగతావి తీస్తున్నాం. కిందనుంచి పొడుచుకొచ్చినవే ఉంచండి, మోడు పై అంచున వచ్చినవి గాలికి విరిగిపోతాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తీరం దాటింది ఈ పలాస పక్కనే, గాలి సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

లాంటానా అనే కలుపు పొదని కొడవలితో కోస్తే రెండింతలై లేస్తుంది. ప్రధాన వేరుని నేలకి నాలుగైదు సెంటీమీటర్ల కింద గునపంతో తెంపి, దుబ్బుని తలకిందులుగా ఆరబెట్టాలి, అదీ కాయ పండకముందే. ఇప్ప పువ్వు ఏరడానికి చెట్టు కింద నిప్పు పెట్టే అలవాటు మానాలని గ్రామసభ తీర్మానం చేసింది. ఫాల్గుణంలోనే ప్రతి ఇప్ప కిందా ఆకు ఊడ్చి పాత చీర పరుస్తున్నారు, పువ్వు కూడా మట్టి అంటకుండా వస్తోంది.

కర్బనం కొంటామని ఒప్పందం కాగితాలతో తిరిగేవాళ్లు మా దగ్గరికీ వచ్చారు. హక్కు గ్రామసభది. అధ్యక్షుడైనా సరే, ఒంటరిగా సంతకం పెట్టొద్దు.

ఐదేళ్ల తర్వాత ఇవే చెట్లు మళ్లీ కొలవాలి. అందుకని 1.37 దగ్గర పసుపు రంగు గీత వేసి, నంబరు రేకుని దానికి పది సెంటీమీటర్లు పైన కొట్టాం. గీత మీదే మేకు దించితే అక్కడ చెట్టు ఉబ్బి కొలత పాడవుతుంది. మళ్లీ కొలిచేదీ మాఘంలోనే, వానల్లో బెరడు నీరు తాగి ఉంటుంది.