బోర్లించిన పడవ కింద

చిలీ దక్షిణ తీరం వెంబడి సాగిన మా ఓడ చిలోయే ద్వీపంలోని కాస్త్రో పట్టణం ఎదుట లంగరు వేసినప్పుడు సన్నని వాన పడుతోంది. తిరిగి ఓడ ఎక్కడానికి ఆరు గంటల గడువు ఉన్నది. ఈ ద్వీపసమూహంలోని చెక్క చర్చిలలో 16 ఆలయాలను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో మూడింటినైనా చూడాలని నిశ్చయించుకొని, చిన్న పడవలో ఒడ్డుకు చేరి, ఒక కారు మాట్లాడుకున్నాము.

కాస్త్రోలోని సాన్ ఫ్రాన్సిస్కో చర్చి తొలిచూపులో నన్ను నిరాశపరచింది. పసుపు, ఊదా రంగులు పూసిన దాని ముఖభాగమంతా ఇనుప రేకులే. అంతకు ముందున్న చర్చి 1902లో కాలిపోగా, ఇటాలియన్ వాస్తుశిల్పి ఎడ్వర్డో ప్రొవాసోలి గీసిన నమూనా ప్రకారం స్థానిక వడ్రంగులు 1910, 1912 మధ్య దీనిని నిర్మించారు. లోపల అడుగుపెట్టగానే నా నిరాశ తొలగిపోయింది. స్తంభాలు, కమానులు, పైకప్పు, అన్నీ తేనె రంగు చెక్కే; ఆ మబ్బు పట్టిన పగటి వెలుగులో కూడా అది వెచ్చగా కనిపించింది.

పట్టణానికి కొద్ది దూరంలోనే ఉన్న నెర్కోన్ చర్చికి చెక్క పెంకుల కవచం ఉన్నది. మన పెంకుటిళ్ల కప్పు మీద వలెనే ఒకదానిపై ఒకటి కొంత ఎక్కేలా వాటిని పేర్చారు, అయితే ఇక్కడ అవి గోడలకూ ఉన్నాయి. లోపలి స్తంభాలకు పాలరాతిని తలపించే రంగు వేశారు. ఇంత మంచి కలపను రాయిగా నటింపజేయడం ఎందుకో నాకు బోధపడలేదు. తల పైకెత్తి చూస్తే మాత్రం వంపు తిరిగిన కప్పు బోర్లించిన పడవలా ఉన్నది. ఆ పోలిక నా ఊహ కాదు: ఇక్కడి చర్చిలు కట్టినవారికి పడవలు కట్టడమే చేతికి అలవాటైన విద్య. ఇనుము అరుదైన ఆ రోజుల్లో మేకులకు బదులు చెక్క చీలలు దిగగొట్టి దూలాలను బిగించేవారు.

ఈ చర్చిల పుట్టుకలోనూ పడవ ఉన్నది. 1608లో ఇక్కడికి వచ్చిన జెసూట్ అనే కాథలిక్ మత సంఘపు గురువులు ఒకచోట స్థిరపడి బోధించలేదు. ఏటా కాస్త్రో నుండి పడవలలో బయలుదేరి, ఊరూరా కొద్ది రోజులు ఆగి, తిరిగి వచ్చేవారు. మిగిలిన ఏడాదంతా ప్రార్థనలు జరిపించి, గుడిని కాపాడినవాడు ఫిస్కల్ అనే ఊరి మనిషి. 1767లో స్పెయిన్ రాజు ఆ గురువులను బహిష్కరించిన తరువాత ఫ్రాన్సిస్కన్లు అనే మరో కాథలిక్ సంఘంవారు వచ్చారు, కానీ ఫిస్కల్ పదవి నిలిచే ఉన్నది. ఎడతెగని వానలో చెక్క చివుకుతుంది. చివికిన ముక్కను తీసి కొత్తది అమర్చే ఊరివారు లేకపోతే యాత్రికులకు చూడడానికి ఏమీ మిగిలేది కాదు.

చివరగా దల్కావే చేరుకున్నాము. పలకలను కుట్టి చేసే దల్కా అనే ఆదిమవాసుల పడవ నుండే ఆ ఊరికి పేరు వచ్చింది. అక్కడి చర్చి వసారాకు తొమ్మిది కమానులు. ఎదుట మైదానం, ఆపైన సముద్రం. జలసంధికి అవతల కిన్చావో ద్వీపం స్పష్టంగా కనిపిస్తోంది. వీటన్నింటిలో పాతదైన, 1740 ప్రాంతపు ఆచావో చర్చి ఉన్నది ఆ ద్వీపం మీదనే. దాటించే ఫెర్రీ రేవులో సిద్ధంగా ఉన్నది. నేను అటు చూస్తుండగా డ్రైవరు ఏమీ అనకుండా తన చేతి గడియారం చూపించాడు.