జూల్ ఊళ్లో చెకుముకి తుపాకీ

మా అమ్మాయి జర్మనీలో ఇల్మెనావులో చదువుకుంటోంది. నేను వెళ్లిన మూడో రోజుకే కోటలూ చర్చిలూ చూసి కాళ్లు మొరాయించాయి. "నాన్నా, ఈసారి మీకు నచ్చేది చూపిస్తాను" అని జూల్‌కు బయలుదేరదీసింది. ముప్ఫై ఏళ్లు లేత్ ముందు నిలబడ్డవాణ్ణి, తుపాకీల ఊరంటే కాదంటానా?

ప్లావేలో రైలు మారాం. ఓబర్‌హోఫ్ దగ్గర మూడు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం, అది దాటాక అడవి, లోయలో జూల్. ఇనుప ఖనిజం, వాగులు, బొగ్గుకు కావలసినంత కట్టె ఒక్కచోటే దొరికితే కమ్మరులు వదులుతారా! ఇక్కడి తుపాకీ పనివారికి 1563లోనే సంఘం ఏర్పడింది. 1634లో యుద్ధంలో ఊరు తగలబడినా మళ్లీ కొలుములు రాజేసుకున్నారు. ఆయుధాల మ్యూజియం ఉన్నది పాత మాల్ట్ ఇంట్లో, అంటే ఒకప్పుడు బీరు కోసం బార్లీ మొలకెత్తించిన చోట.

నన్ను ఆపేసింది ఒక వేట తుపాకీ. పొట్టిగా, బరువుగా, ఎనిమిది పలకల గొట్టంతో ఉంది. మూతిలో లోతైన గాళ్లు. కొవ్వు పూసిన గుడ్డ ముక్కలో చుట్టిన సీసపు గుండు ఆ మెలికల వెంట బొంగరంలా తిరుగుతూ పోతుంది. ఆ గుడ్డ ముక్కలు దాచుకోవడానికి, భుజానికి ఆనించే చెక్క మడమకు కుడివైపు చిన్న అర, దానికి జరిపే చెక్క మూత. ఎడమవైపు చెంప ఆనించే దిమ్మ. ట్రిగ్గర్లు రెండు. వెనకది నొక్కితే ముందుది వేలు తగిలితే చాలు పేలేంత సున్నితమవుతుంది.

గొట్టం మీద పదిహేడో శతాబ్దపు సంవత్సరం చెక్కి ఉంది. "అబ్బో, అంత పాతదా!" అన్నాను. పక్కన నిలబడి చూస్తున్న ఒక పెద్దాయన నవ్వి ఏదో అన్నాడు. మా అమ్మాయి తెలుగులో చెప్పింది: "ఆ వయసు గొట్టానిదేనట, తుపాకీది కాదట."

సిగ్గేసింది. మా షాపులో లేత్ బెడ్ ఒక కాలానిది, మోటారు మరో కాలానిది. ఆ మాత్రం నాకు తట్టవద్దూ? మంచి గొట్టాన్ని ఎవరూ పారేయరు. చక్రం తిరిగి నిప్పురవ్వలు రాల్చే పాత తుపాకీ నుంచి ఊడదీసి చెకుముకి తుపాకీకి బిగించేవారు. కాబట్టి కాలం తెలియాలంటే లాకును, అంటే మందుకు నిప్పు పెట్టే యంత్రాన్ని, చూడాలి. 1700కు అటూ ఇటూ చేసిన లాకు పలక కింది అంచు అరటిపండులా వంగి ఉంటుంది, తర్వాత తర్వాత నిటారవుతుంది. చెకుముకి రాయి పట్టుకున్న గుర్రం, అంటే సుత్తిలాంటి మీట, వచ్చి కొట్టే ఉక్కు రెక్కకు మొదట్లో ఒకవైపే ఆధారం. రంజకం, అంటే ముందుగా అంటుకునే మందు, పోసే పళ్లెం నుంచి చిన్న చెయ్యి వచ్చి దాని మరను రెండోవైపు కూడా పట్టుకుంటే, అది తర్వాతి పని. ఆ రెక్క స్ప్రింగు మీద జారడానికి బుల్లి చక్రం ఉంటే ఇంకా తర్వాతిది, పద్దెనిమిదో శతాబ్దం చివరి రోజులది.

ఇంకో తిరకాసు కూడా ఉందట. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ పళ్లెం తీసేసి, దెబ్బ తగిలితే పేలే చిన్న లోహపు టోపీ పద్ధతికి మార్చిన తుపాకీలను, ధర ఎక్కువ పలుకుతుందని మళ్లీ చెకుముకికి మార్చేవాళ్లున్నారు. అలాంటిచోట పలక మీద పూడ్చిన మర రంధ్రాల కోసం వెతకాలి.

మరో గొట్టం మీద ఎస్, వి, ఎల్ అక్షరాలు, కోడిపెట్ట ముద్ర కనిపించాయి. వి అంటే 'ఉ', ఎస్‌ను జర్మన్‌లో ఇక్కడ 'జ' అని పలుకుతారు కాబట్టి అది ఊరి పేరే. కోడిపెట్ట హెన్నెబర్గ్ ప్రభువులది. ఆ పేరులోని 'హెన్నె' అన్నా పెట్టే.

ఇవన్నీ సరే, ఆ గాళ్లు ఎలా కోశారన్నదే నా బుర్ర తొలిచింది. ఆ పెద్దాయన్ని అడిగించాను. మెలికలు తిరిగిన చెక్క దూలం దారి చూపిస్తుంటే, చిన్న ఉలి ఉన్న కడ్డీని గొట్టంలో చేత్తో ముందుకూ వెనక్కూ లాగేవారట. అన్ని గాళ్లలోనూ అలా లాగాక ఉలి కింద ఒక కాగితం ముక్క పెట్టి, ఉలి కాస్త పైకి లేచాక మళ్లీ మొదటి గాడి నుంచి.

తిరుగు రైలు సొరంగంలోకి వెళ్లింది. మా అమ్మాయి కునుకు తీస్తోంది. నేను టికెట్టును వేళ్ల మధ్య పెట్టి మందం చూస్తున్నాను. ఇంతకన్నా పలుచటిదే పెట్టి ఉంటారు.