వంపు చెక్కకు క్లాంపు పట్టదు

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి పూజగదికి టేకు మందిరం నేనే చేస్తానని నోరు జారాను. చెక్క కొననక్కర్లేదు. చిత్తూరులో తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చిన వాకిలి చెక్కలు మిద్దె మెట్ల కింద ఏళ్లుగా పడి ఉన్నాయి. అడుగు పెట్టె, సొరుగు, స్తంభాలు తేలిగ్గానే అయిపోయాయి. తిన్నగా ఉన్న పలకలకు క్లాంపు (జిగురు ఆరేదాకా చెక్కల్ని నొక్కిపట్టే మర బిగింపు) తగిలించి తిప్పడమేగా. చిక్కంతా పైన వచ్చే కమాను దగ్గరే.

ఒకే పలకలో కమాను కోస్తే కాళ్ల దగ్గర నార అడ్డంగా పడి పుటుక్కున విరుగుతుంది. అందుకని ఐదు ముక్కలు అతకాలనుకున్నా. అర్ధచంద్రం 180 డిగ్రీలు, ముక్కకు 36, అంటే ప్రతి చివరా 18 డిగ్రీల వాలు. నాలుగు అతుకులు, ఎనిమిది మొహాలు. ఒక్కో మొహం అర డిగ్రీ తప్పినా చివరికి 4 డిగ్రీల తేడా వస్తుంది. ఈ లెక్కలన్నీ కాగితం మీద బాగా వేసుకున్నాను. వంపులు కూడా చక్కగా కోసి, ఉప్పుకాగితం పట్టి నున్నగా చేసి, అప్పుడు అతకడానికి కూర్చున్నాను. తప్పు అక్కడే జరిగింది.

ఫెవికాల్ రాసి క్లాంపు బిగిస్తే, వంపు మీద అది సబ్బు బిళ్లలా జారింది. రెండోసారి బిగిస్తే చెక్క అంచు నొక్కుకుపోయింది గానీ అతుకు కలవలేదు. బండికి సామాను కట్టే బెల్టు కమాను చుట్టూ, కాళ్ల కింద నుంచి కూడా తిప్పి లాగాను. లాగేకొద్దీ కాళ్లు రెండూ దగ్గరకొచ్చి, అతుకులన్నీ బయటి అంచున నోళ్లు తెరిచాయి. ఈలోగా మే నెల ఎండకు జిగురు మీగడ కట్టింది. తడిగుడ్డతో తుడిచి, ముక్కలన్నీ మూల పడేశాను. ఆ రోజు ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు.

మా వీధిలో ఒక ఆచారి ఉన్నాడు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్కబొమ్మలు చెక్కే కుటుంబం వాళ్లది. పిలిస్తే వచ్చి, ముక్కల్ని చేతిలో తిప్పి చూశాడు.

"వంపు కోసినంక క్లాంపు యాడ నిలబడతాది సార్? ముందు అతికించాల, తర్వాత కోయాల. పోనీ, కోసి తీసేసిన ముక్కలు యాడ పెట్టినారు?"

వేణ్ణీళ్ల బాయిలర్‌లో వేసేశామని మా ఆవిడ లోపల్నుంచి చెప్పింది.

"అవుంటే వంపులో వంపు కూర్చుండేది కదమ్మా" అని నవ్వాడు. మళ్లీ తనే దారి చూపించాడు. క్లాంపుకు పట్టు దొరికేలా ప్రతి అతుకుకీ అటూ ఇటూ చిన్న చెక్క ముక్కలు, ఆయన మాటలో 'చెవులు', అతికించాలి. చెవికీ కమానుకీ మధ్య పాత పేపర్ ముక్క పెట్టాలి. పని అయ్యాక ఉలి పెట్టి తడితే కాగితమే రెండు పొరలుగా చీలి చెవి ఊడొస్తుంది, టేకుకు దెబ్బ తగలదు. క్లాంపు ఆనే మొహం మాత్రం అతుకుకు సమాంతరంగా ఉండాలి. పైఅంచున ఒక జత, లోపలి అంచున ఒక జత ఉండాలి. ఒకవైపే లాగితే రెండో వైపు తెరుచుకుంటుంది. నా బెల్టు బాగోతం అప్పుడు అర్థమైంది.

చెవులకే రెండు రోజులు పట్టింది. ప్రతి అతుకులో రెండేసి చెక్క చీలలకు బెజ్జాలు వేశాను, ఎందుకంటే నార చివర్లు జిగురును పీల్చేస్తాయి, జిగురొక్కటే నిలవదు. జిగురు లేకుండా ఒకసారి అంతా బిగించి చూసుకున్నాను. మూడో రోజు తెల్లవారుజామున ఐదింటికి, ఎండ రాకముందే, మొహాలను థిన్నర్‌తో తుడిచి (టేకులో నూనె ఉంటుంది) మొదట ఎడమవైపు రెండు, కుడివైపు రెండు అతికించాను. పై క్లాంపు అర చుట్టు, లోపలి క్లాంపు అర చుట్టు, ఇలా మార్చి మార్చి తిప్పుతుంటే అతుకు పొడవునా జిగురు చిన్న చిన్న ముత్యాల్లా బయటికొచ్చింది. మునుపు ఒక మూల మాత్రమే కారేది.

మర్నాడు ప్లైవుడ్ మీద గీసుకున్న పూర్తి కమాను బొమ్మపై రెండు సగాలనూ పెట్టి చూస్తే, నడిమి ముక్కకు ఒకవైపు గోరంత సందు ఉంది. చిత్రిక నాలుగు లాగులు లాగితే సరిపోయింది. ఐదూ ఒకేసారి అతికించి ఉంటే ఈ సవరణకు వీలే ఉండేది కాదు. కింద అంటుకోకుండా ప్లాస్టిక్ పట్టా పరిచి నడిమి ముక్కను కూడా బిగించి, 24 గంటలు ముట్టుకోలేదు.

చెవులు ఊడదీసేటప్పుడు చెయ్యి వణికింది. మొదటిది టక్కున వచ్చేసింది. తడిగుడ్డ వేసి కాగితం నానబెట్టి గీకాను, లోపలి అంచంతా శుభ్రమైంది. పైఅంచున ఒకచోట మాత్రం పేపర్ అక్షరాలు తిరగబడి టేకుకే అంటుకుపోయాయి. స్టూలెక్కితే తప్ప కనపడదు కాబట్టి వాటినలాగే వదిలేశాను.